రోడ్డు పక్కన ఆగి చదివిన చరిత్ర: అలబామా, మిసిసిపీలలో ఐదు రోజులు

అమెరికాలో రోడ్డు ప్రయాణాలు చేసే మనవాళ్లందరికీ రహదారి పక్కన ఇనుప స్తంభం మీద నిలబెట్టిన చారిత్రక ఫలకాలు పరిచయమే. అయితే వాటిని చూసినవాళ్లు ఎందరున్నా చదివినవాళ్లు తక్కువ. గంటకు 55 మైళ్ల వేగంతో పోతున్న బండిలోంచి శీర్షిక చదవడమే కష్టం. దాని కింద ఉన్న పది పదిహేను పంక్తులు చదవాలంటే బండి ఆపి, దిగి, గడ్డిలో నడిచి వెళ్లి ఎదురుగా నిలబడాలి. పన్నెండేళ్లుగా అట్లాంటా శివారులో ఉంటున్న నేను అలా దిగి చదివినవి చాలా కొద్ది అన్న సంగతి, మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్న ఆర్నెల్లలో నాకు తెలిసివచ్చింది. ఆయన రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. దారిలో ఎక్కడ ఫలకం కనిపించినా "ఆ బోర్డు మీద ఏముందమ్మా?" అని అడిగేవారు. తెలియదని చెప్పి చెప్పి, చివరకు అక్టోబరులో ఐదు రోజులు సెలవు పెట్టుకుని, ఫలకాల కోసమే ఒక ప్రయాణం వేసుకున్నాం. మామయ్యగారు, అత్తయ్యగారు, మా వారు, పద్నాలుగేళ్ల మా అమ్మాయి, నేను, మొత్తం ఐదుగురం. అట్లాంటా నుంచి మాంట్‌గమరీ, అక్కడి నుంచి 80వ నంబరు రహదారి మీద సెల్మా, ఆ తరువాత మిసిసిపీ డెల్టాలోని గ్రీన్‌వుడ్, సమ్నర్. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం నడిచిన దారి ఇది.

బయలుదేరే ముందు చేసుకోవలసిన పని ఒకటుంది. ఫలకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే గుర్తించి పెట్టుకోకపోతే సగం దాటిపోతాం. హిస్టారికల్ మార్కర్ డేటాబేస్ అని స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే వెబ్‌సైటులో ఫలకం పాఠం, ఛాయాచిత్రం, పటం మీద దాని చోటు, అన్నీ దొరుకుతాయి. మేము వెళ్లదలచిన కౌంటీల (అంటే జిల్లాల) పేజీలు ఫోనులో దాచుకున్నాం. లౌండ్స్ కౌంటీలోనూ డెల్టాలోనూ సిగ్నల్ చాలాచోట్ల రాలేదు కనుక అది మాకు ఎంతో ఉపకరించింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలలో గడియారం అట్లాంటా కంటే ఒక గంట వెనక ఉంటుంది. వెళ్లేటప్పుడు కలిసివచ్చిన ఆ గంట తిరుగు ప్రయాణంలో పోతుందని గుర్తుంచుకుని పథకం వేసుకోవాలి.

మాంట్‌గమరీకి రెండున్నర గంటల ప్రయాణం. నగరం నడిబొడ్డున, కోర్ట్ స్క్వేర్ ఫౌంటెన్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో రెండు గదులు తీసుకున్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి కాని, పెద్దవాళ్లున్నారు కింది అంతస్తులో ఇవ్వండని నెల ముందే రాసినా ఆరో అంతస్తులో ఇచ్చారు. రెండు లిఫ్టులలో ఒకటి పనిచేయలేదు. పార్కింగుకు రోజువారీ రుసుము వేరుగా వసూలు చేస్తారన్నది బుకింగు చేసినప్పుడు కనిపించలేదు. అయినా మళ్లీ వెళితే నగరం మధ్యలోనే ఉంటాను, ఎందుకంటే ఇక్కడ చూడవలసినవి నడుస్తూ చూడవలసినవే. బయటి హైవే పక్కన చవకగా దొరికే హోటల్లో దిగితే ఆ నడక దక్కదు.

కోర్ట్ స్క్వేర్ నుంచి రాష్ట్ర శాసనసభ భవనం దాకా వెళ్లే డెక్స్‌టర్ అవెన్యూ నిడివి మైలులోపే. ఆ కొద్ది దూరంలో ఎన్ని ఫలకాలున్నాయో, అవి ఒకదానితో ఒకటి ఎంతగా తలపడుతున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఫౌంటెన్ ఉన్న కూడలి ఒకప్పుడు బానిసలను వేలం వేసిన అంగడి. దానికి ఎదురుగా ఉన్న వింటర్ బిల్డింగ్ నుంచే, 1861 ఏప్రిల్‌లో, ఫోర్ట్ సమ్టర్ మీద కాల్పులకు అనుమతినిస్తూ బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సమాఖ్య తంతి పంపింది. ఆ కాల్పులతోనే అంతర్యుద్ధం మొదలైంది. అక్కడికి కొద్ది అడుగుల దూరంలో 1955 డిసెంబరు 1న, తెల్లజాతి ప్రయాణికుడికి సీటు వదలనందుకు అరెస్టయిన రోజా పార్క్స్ బస్సెక్కారు. వీధి చివర, శాసనసభ భవనం మెట్ల మీద, జెఫర్సన్ డేవిస్ 1861 ఫిబ్రవరి 18న సమాఖ్య అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన చోట కంచు నక్షత్రం పొదిగారు. 1965 మార్చి 25న, ఓటు హక్కు కోసం సెల్మా నుంచి నడిచివచ్చినవారితో కలిసి పాతికవేల మంది నిలబడింది ఆ మెట్ల ముందే. ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడింది మెట్ల మీద నుంచి కాదు, వీధిలో నిలిపిన ట్రక్కు మీద నుంచి. కూడలికీ శాసనసభ భవనానికీ నడుమ, కుడిచేతి వైపు, కింగ్ 1954 నుంచి 1960 దాకా పాస్టరుగా ఉన్న ఎర్ర ఇటుకల చర్చి. భారతదేశ యాత్ర ముగించుకుని వచ్చిన కింగ్ 1959 మార్చి 22న గాంధీ గురించి ఉపన్యసించింది ఈ చర్చిలోనే. ఆ మాట చెప్పినప్పుడు అత్తయ్యగారు చెప్పులు విడిచి మెట్ల మీద కాసేపు కూర్చున్నారు.

రోజా పార్క్స్‌ను అరెస్టు చేసిన చోట ఉన్న ఫలకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక వైపు ఆమె అరెస్టు, బస్సుల బహిష్కరణ. వెనక్కి తిరిగి చూస్తే గాయకుడు హ్యాంక్ విలియమ్స్ అక్కడి ఎంపైర్ థియేటరులో పాటల పోటీ గెలిచిన సంగతి. ఒకే స్తంభం, ఒకే పలక, రెండు చరిత్రలు. మా అమ్మాయికి ఇది అన్యాయంగా తోచింది. మామయ్యగారు మాత్రం, స్థలం ఒకటే అయినప్పుడు పలకకు రెండు వైపులా వాడుకోవడం తప్పు కాదన్నారు. నేను మా అమ్మాయి పక్షమే. ఫుట్‌పాత్ మీద రెండో స్తంభానికి చోటు లేకపోలేదు.

ఈ నగరంలో ఫలకాల కథకు 2013 ముఖ్యమైన సంవత్సరం. ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే న్యాయ సహాయ సంస్థ మాంట్‌గమరీ బానిస వ్యాపారాన్ని చెప్పే మూడు ఫలకాలను పెట్టదలచినప్పుడు, వివాదం రేగవచ్చన్న కారణంతో రాష్ట్ర పురాలేఖ విభాగం వాటిని బలపరచడానికి ఒప్పుకోలేదు. అలబామా బ్లాక్ హెరిటేజ్ కౌన్సిల్ ముందుకు రావడంతో అవి ఆ డిసెంబరులో వెలిశాయి. సమాఖ్య వీరుల స్మారకాలు పదుల సంఖ్యలో ఉన్న నగరంలో, బానిసలను నిలబెట్టి అమ్మిన గోదాములు ఫలానా వీధిలో ఉండేవని చెప్పే పలకకు అంత కాలం పట్టింది. ఫలకాన్ని చదివినంత శ్రద్ధగా, కింద చిన్న అక్షరాలలో ఉండే 'ఎవరు పెట్టారు, ఏ సంవత్సరంలో' అన్న పంక్తిని కూడా చదవాలన్నది ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్న మొదటి విషయం. మామయ్యగారు తన నోటు పుస్తకంలో ప్రతి ఫలకానికీ మొదట రాసుకున్నది ఆ పంక్తినే.

అదే సంస్థ 2018 ఏప్రిల్ 26న తెరిచిన జాతీయ శాంతి న్యాయ స్మారకం రోడ్డు పక్కన పలక కాదు, ఆరెకరాల గుట్ట. 1877, 1950 సంవత్సరాల మధ్య మూకలు చంపిన 4,400 మందికి పైగా నల్లజాతివారి కోసం 800కు మించిన ఉక్కు దిమ్మెలు, కౌంటీకి ఒకటి చొప్పున, కప్పు నుంచి వేలాడుతుంటాయి. మొదట అవి మన కళ్ల ఎత్తులో ఉంటాయి. పేర్లు చదువుకుంటూ నడుస్తాం. నేల మెల్లగా దిగుతూ పోతుంటే దిమ్మెలు తల పైకి లేస్తాయి. నడిచేవారికి తాము కిందికి దిగుతున్నామన్న స్పృహ కలగక ముందే మెడ ఎత్తి చూడవలసి వస్తుంది. గోడల మీద కొందరిని ఏ సాకుతో చంపారో రెండేసి పంక్తులలో రాశారు. పేరు తెలియని చోట 'తెలియదు' అనే చెక్కారు. బయట పచ్చికలో ఇవే దిమ్మెల నకళ్లు వరుసగా పరిచి ఉన్నాయి. ఆయా కౌంటీలవాళ్లు వచ్చి తీసుకువెళ్లి తమ ఊళ్లలో నిలుపుకోవాలన్నది ఉద్దేశం.

ఇక్కడి సేవల గురించి పూర్తి సంతృప్తితో చెప్పగలను. మేము వెళ్లినప్పుడు అదే సంస్థ నడిపే లెగసీ మ్యూజియం, స్మారకం, నది ఒడ్డున 2024లో తెరిచిన శిల్పవనం, మూడింటికీ కలిపి టికెట్టు ఐదు డాలర్లు. ఒకదాని నుంచి ఒకదానికి ఉచిత బస్సు ఉంది. శిల్పవనానికి పడవ మీద కూడా తీసుకువెళతారు. నడవలేని మామయ్యగారి కోసం అడగకముందే చక్రాల కుర్చీ తెచ్చారు. వారంలో కొన్ని రోజులు మూసి ఉంచుతారు కనుక ముందే చూసుకోవాలి. మ్యూజియం లోపల ఫోటోలు తీయనివ్వరు. మూకహత్యలు జరిగిన చోట్ల నుంచి తవ్వి తెచ్చిన మట్టిని గాజు సీసాలలో, పేరూ ఊరూ తేదీ రాసి, వరుసలుగా పెట్టిన గోడ అక్కడ ఉంది. ఎర్రమట్టి, నల్లరేగడి, ఇసుక, ఒక్కో సీసా ఒక్కో రంగు. మూడింటినీ ఒక్క రోజులో చూడాలనుకోవద్దు. మేము ఆ తప్పు చేసి, శిల్పవనాన్ని హడావిడిగా ముగించాం. శాకాహారులకు ఒక మాట: ఈ ప్రాంతంలో ఆకుకూరలూ చిక్కుడు గింజలూ తరచుగా పంది మాంసం వేసి వండుతారు. వడ్డించుకునే ముందు అడిగి తీరాలి. అత్తయ్యగారు మూడు రోజులూ ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, చపాతీలు, మొక్కజొన్న రొట్టెలతోనే గడిపారు.

ఇక 80వ నంబరు రహదారి. ఈ ప్రయాణమంతటిలో నాకు ముఖ్యమైన భాగం ఇదే. మాంట్‌గమరీ నుంచి సెల్మా దాకా యాభై మైళ్లు. ఎక్కడా ఆగకపోతే గంటలో ముగుస్తుంది. మాకు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పట్టింది. 1965 మార్చి 21 నుంచి 25 దాకా ఓటు హక్కు కోసం సెల్మా నుంచి 54 మైళ్లు నడిచిన దారి ఇది. న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ అనుమతినిస్తూ, రోడ్డు రెండు వరుసలుగా ఉన్న భాగంలో 300 మంది మాత్రమే నడవాలని నియమం పెట్టారు. రాత్రులు వారు పొలాలలో గుడారాలు వేసుకున్నారు. నల్లజాతి రైతులు డేవిడ్ హాల్, రోజీ స్టీల్ తమ పొలాలలో చోటిచ్చారు. ఆ పొలాల దగ్గర ఇప్పుడు బోర్డులున్నాయి. అవి ఇప్పటికీ పొలాలే, ప్రైవేటు స్థలాలే. కంచె ఇవతల నిలబడి చూడాలి. బోర్డు చదివి తలెత్తితే కనిపించేది ఖాళీ గడ్డినేల. అక్కడ కట్టడమేదీ లేకపోవడమే నాకు బాగా నచ్చింది. ఆ రాత్రులు అక్కడ పడుకున్నవాళ్లకు కనిపించిన ఆకాశమూ ఆ చెట్ల వరుసా ఏమీ మారకుండా ఉన్నాయనిపించింది.

1965 మొదట్లో లౌండ్స్ కౌంటీ జనాభాలో పదిమందిలో ఎనిమిది మంది నల్లజాతివారు. ఓటర్ల జాబితాలో వారి పేరు ఒక్కటీ లేదు. పేరు నమోదు చేయించుకున్న కౌలు కుటుంబాలను భూస్వాములు ఇళ్ల నుంచి వెళ్లగొడితే, వాళ్లు రోడ్డు పక్కనే గుడారాలు వేసుకుని నెలల తరబడి బతికారు. ఆ గుడారాల ఊరు ఉన్న చోట, వైట్ హాల్ దగ్గర, జాతీయ ఉద్యానవనాల శాఖ 2006లో వివరణ కేంద్రాన్ని తెరిచింది. ప్రవేశం ఉచితం. పాతిక నిమిషాల చిత్రం చూపిస్తారు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. ఈ యాభై మైళ్లలో పెద్దవాళ్లతో నిశ్చింతగా ఆగగలిగిన చోటు ఇదొక్కటే అని చెప్పాలి. ఆదివారం మూసి ఉంటుంది కనుక మేము శనివారం వచ్చేలా చూసుకున్నాం. అక్కడి రేంజరు మామయ్యగారి ప్రశ్నలకు ఓపికగా జవాబిచ్చి, ఫలకాలను తొలిసారి రాష్ట్ర వ్యవస్థగా పెట్టింది వర్జీనియా అనీ, 1927లో మొదలైందనీ చెప్పారు.

వయోలా లియుజ్జో స్మారకం దగ్గర మేము ఎక్కువసేపు ఆగాం. డెట్రాయిట్‌కు చెందిన ఈ తెల్లజాతి మహిళకు 39 ఏళ్లు, ఐదుగురు పిల్లలు. సెల్మా వంతెన దగ్గర నడిచేవాళ్లను పోలీసులు కొట్టిన దృశ్యాలు టీవీలో చూసి ఒంటరిగా కారులో వచ్చి, నడక ముగిసిన రాత్రి, నడిచినవాళ్లను ఇళ్లకు చేరవేస్తూ ఈ రోడ్డు మీద వెళుతుంటే నల్లజాతివారి మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠా మనుషులు నలుగురు కారులో వెంబడించి కాల్చి చంపారు. ఆ నలుగురిలో ఒకడు ఎఫ్‌బీఐ వేగు. రాష్ట్ర న్యాయస్థానంలో హత్యానేరం నిలవలేదు. 1965 డిసెంబరులో ఫెడరల్ కోర్టు మిగిలిన ముగ్గురికి కుట్ర నేరం కింద పదేళ్ల శిక్ష వేసింది. సదరన్ క్రిస్టియన్ లీడర్‌షిప్ కాన్ఫరెన్స్ మహిళా విభాగం 1991లో ఈ రాతిని నిలిపింది. 1997లో ఎవరో దాని మీద సమాఖ్య జెండా రంగులు పులిమారు. ఇప్పుడు చుట్టూ ఎత్తయిన ఇనుప కంచె ఉంది. చనిపోయిన ముప్పై ఏళ్లకు కూడా ఆమె పేరున్న రాతిని కటకటాల మధ్య కాపాడవలసి వచ్చిందన్న మాట మా అమ్మాయి రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది.

ఇక్కడే రోడ్డు ఇంజనీరుగా మామయ్యగారు చెప్పిన విమర్శ కూడా రాయాలి. స్మారకం చిన్న గట్టు మీద ఉంది. వేగంగా వచ్చే బండికి అది కనిపించేసరికి మలుపు తిరిగే వ్యవధి ఉండదు. మేము దాటిపోయి, మైలు ముందుకెళ్లి వెనక్కి వచ్చాం. అర మైలు ముందే 'ముందు స్మారకం ఉంది' అని చిన్న సూచన పెట్టి, రెండు కార్లు పట్టేంత బెర్ము, అంటే తారు పక్కనుండే మట్టి అంచు, గట్టిపరిస్తే చాలునన్నారు ఆయన. లౌండ్స్‌బరో దగ్గర ఎల్మోర్ బోలింగ్ ఫలకం విషయంలోనూ ఇదే ఇబ్బంది. లారీలూ దుకాణమూ నడిపి బాగుపడిన నల్లజాతి వ్యాపారి బోలింగ్‌ను 1947 డిసెంబరులో చంపారు. అంతగా ఎదగడమే ఆయన చేసిన నేరం. ఆ ఫలకాన్ని అరవై ఏళ్ల తరువాత కుటుంబమే శ్రమపడి పెట్టించుకుంది. అంత శ్రమకోర్చి నిలిపిన పలకను చదవడానికి, గడ్డిలోకి రెండు చక్రాలు దింపి, పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే పిల్లను చేయి పట్టుకుని దింపవలసి రావడం బాధ కలిగించింది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఒకరు బండిలోనే ఉండి హజార్డ్ లైట్లు వేసి ఉంచడం మంచిది.

రహదారి వదిలి కొద్ది మైళ్లు లోపలికి వెళితే హేన్‌విల్. జొనాథన్ డేనియల్స్ అనే 26 ఏళ్ల మతవిద్యార్థిని 1965 ఆగస్టు 20న ఇక్కడి దుకాణం ముందు కాల్చి చంపారు. తుపాకీ గురి పెట్టింది రూబీ సేల్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి అమ్మాయి మీద. ఆమెను పక్కకు నెట్టి తాను అడ్డు నిలిచాడు. చంపినవాడు ఇదే ఊరి న్యాయస్థానంలో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ న్యాయస్థానం ఎదుటి పచ్చికలోనే ఇప్పుడు డేనియల్స్ స్మారకం ఉంది. శనివారం మధ్యాహ్నం ఊళ్లో తినడానికి మాకేమీ దొరకలేదు. నీళ్లు, తిండి మాంట్‌గమరీలోనే నింపుకుని బయలుదేరాలి.

సెల్మాలో వాటర్ అవెన్యూ మీద, అలబామా నది ఒడ్డున ఉన్న పాత సెయింట్ జేమ్స్ హోటల్లో దిగాం. పందొమ్మిదో శతాబ్దపు భవనాన్ని బాగుచేసి మళ్లీ తెరిచారు. మాంట్‌గమరీ కంటే గదికి కొంత ఎక్కువ పడినా, వరండాలోంచి ఎడ్మండ్ పెట్టస్ వంతెన కనిపిస్తుంది. ఊరు పేదది. 2023 జనవరి 12న వచ్చిన సుడిగాలి దెబ్బ ఇంకా ఇళ్ల కప్పుల మీద కనిపిస్తోంది. అందుకే సెల్మాను మధ్యాహ్నం చూసి సాయంత్రానికి మాంట్‌గమరీ వెళ్లిపోకుండా, ఒక రాత్రి ఉండి ఆ డబ్బు అక్కడే ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం.

వంతెనను తెల్లవారుజామున దాటాం. 1940లో కట్టిన దీనికి సమాఖ్య సైన్యాధికారి, క్లాన్ నాయకుడిగా పేరుపడిన సెనేటరు పెట్టస్ పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ ఉక్కు కమాను మీద పెద్ద అక్షరాలలో ఉంది. వంతెన నడుము ఎత్తుగా వంగి ఉంటుంది. నడిమికి చేరేదాకా అవతలి ఒడ్డు కనిపించదు. 1965 మార్చి 7న ఉద్యమ నాయకులు జాన్ లూయిస్, హోజియా విలియమ్స్ వెనక నడిచిన ఆరువందల మందికి, తమను కొట్టబోతున్న పోలీసులూ వారి గుర్రాలూ కనిపించింది ఆ నడిమికి చేరాకనే. ఇది ఎన్ని పుస్తకాలు చదివినా అర్థం కాని సంగతి, కాళ్లతో ఎక్కితేనే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు కూడా కమ్మీ పట్టుకుని ఆ ఎత్తు దాకా వచ్చారు. అవతలి ఒడ్డున చెట్ల నీడలో స్మారక శిలలున్నాయి. ఆ చోటు బాగా చూసుకునేవారు లేక కొంత వెలవెలబోయి ఉంది.

సెల్మా నుంచి గ్రీన్‌వుడ్‌కు నాలుగు గంటలకు పైగా పట్టింది. దారిలో చెప్పుకోదగినదేమీ లేదు. గ్రీన్‌వుడ్‌లో బస బాగాలేదు: గదిలో పొగాకు వాసన, గది మార్చమంటే రాత్రి పదకొండు దాకా సమాధానం లేదు. డెల్టాలో హోటళ్లు తక్కువ కనుక ముందుగా సమీక్షలు చదివి తీసుకోవాలి. 2022 అక్టోబరులో ఈ ఊళ్లో ఎమెట్ టిల్ కంచు విగ్రహం నిలిపారు. టై కట్టుకుని, టోపీ అంచు పట్టుకుని ఉన్న పద్నాలుగేళ్ల అబ్బాయి. మా అమ్మాయి వయసే.

షికాగో నుంచి సెలవులకు బంధువుల ఇంటికి వచ్చిన ఎమెట్ టిల్ 1955 ఆగస్టులో, ఇక్కడికి పది మైళ్ల దూరంలోని మనీ అనే పల్లెలో బ్రయంట్ కిరాణా కొట్టుకు వెళ్లాడు. కొట్టు యజమానురాలితో అమర్యాదగా ప్రవర్తించాడన్న ఆరోపణతో ఆగస్టు 28న ఆమె భర్త, అతని అన్న వరస అయిన మైలమ్ కలిసి అర్ధరాత్రి ఎత్తుకుపోయి చంపి, జిన్నింగు మిల్లు ఫ్యాను మెడకు కట్టి తలహాచీ నదిలో పడేశారు. తల్లి మేమీ టిల్, చితికిపోయిన కొడుకు ముఖాన్ని లోకమంతా చూడాలని శవపేటిక మూత తెరిచే ఉంచింది. ఆ కిరాణా కొట్టు ఇప్పుడు కప్పు కూలి, తీగలు అల్లుకుని, మొండిగోడలతో నిలబడి ఉంది. దాని ముందు మిసిసిపీ ఫ్రీడమ్ ట్రెయిల్ వాళ్లు 2011లో పెట్టిన ఫలకం; 2017లో దాని మీది బొమ్మలనూ అక్షరాలనూ ఎవరో గీకేస్తే మళ్లీ బాగుచేశారు. పక్కనే ఉన్న పాత పెట్రోలు బంకును మాత్రం రాష్ట్ర పౌరహక్కుల నిధితో 1950ల నాటి రూపానికి తెచ్చి, మెరిసేలా ఉంచారు. అసలు చరిత్ర జరిగిన గోడలు కూలుతుంటే పక్కింటికి రంగు వేయడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. లోపలికి వెళ్లకూడదు, రోడ్డు మీద నిలబడే చూడాలి.

గ్లెండోరా దాటాక, పొలాల మధ్య కంకర దారిన వెళితే గ్రాబాల్ లాండింగ్ వస్తుంది. అబ్బాయి శవం బయటపడిన చోటికి గుర్తుగా 2008లో నది ఒడ్డున ఫలకం నిలిపారు. దాన్ని పెరికి నదిలో పారేశారు. రెండోదాన్ని తూటాలతో తూట్లు పొడిచారు. 317 రంధ్రాలున్న ఆ పలకను తరువాత వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ జాతీయ మ్యూజియంలో ప్రదర్శించారు. 2018లో పెట్టిన మూడోదానికి ముప్పై ఐదు రోజులకే తూటా తగిలింది. 2019 అక్టోబరులో నిలిపిన నాలుగోది తూటాలకు చెక్కుచెదరని ఉక్కు, 500 పౌండ్లకు పైగా బరువు. 2023 జూలై 25న ఈ చోటు జాతీయ స్మారకంలో భాగమైంది. మామయ్యగారు దాని వెనక్కి వెళ్లి చూశారు, అంచు మందం వేళ్లతో కొలిచారు, పునాది ఎలా వేశారో వంగి పరిశీలించారు. వంతెనలకు, కల్వర్టులకు తప్ప అక్షరాలకు ఇంత ఉక్కు వాడడం తాను ఎన్నడూ చూడలేదన్నారు. వాన పడితే ఈ దారిలోకి చిన్న కారు తీసుకువెళ్లకూడదు. దగ్గరలో మంచినీళ్లు, మరుగుదొడ్డి ఏవీ లేవు. మేమున్న ముప్పావు గంటలో మరెవ్వరూ రాలేదు.

సమ్నర్‌లో ముందుగా ఫోను చేసి సమయం తీసుకున్నాం. న్యాయస్థానంలోని విచారణ గదిని 1955లో ఉన్నట్టే బాగుచేసి 2015లో తెరిచారు. ఎదురుగా ఉన్న ఎమెట్ టిల్ ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ వాళ్లే వెంట ఉండి చూపిస్తారు. మా మార్గదర్శి ఆ కౌంటీలోనే పుట్టి పెరిగిన మహిళ. పన్నెండుమంది తెల్లజాతి పురుషులు కూర్చున్న జ్యూరీ కుర్చీలు, తాతవరస అయిన మోజ్ రైట్ లేచి నిలబడి హంతకుల వైపు వేలు చూపిన సాక్షి స్థానం, నల్లజాతి విలేఖరులకు ఒక మూల వేసిన పేకాట బల్ల ఉన్న చోటు, ఒక్కొక్కటీ చూపుతూ గొంతు పెంచకుండా చెప్పింది. జ్యూరీ 67 నిమిషాలలో ఇద్దరినీ నిర్దోషులని తేల్చింది. కొద్ది నెలలకు వాళ్లే డబ్బు తీసుకుని ఒక పత్రికకు నేరం ఒప్పుకున్నారు. 2007 అక్టోబరు 2న ఆ కౌంటీవాళ్లు ఈ భవనం ముందు నిలబడి టిల్ కుటుంబానికి క్షమాపణ చెప్పారు. ఆ తీర్మానం ప్రతిని మా చేతికిచ్చి, ఇష్టమైతే పైకి చదవమంది. మా అమ్మాయి చదివింది.

బయట పచ్చికలో సమాఖ్య సైనికుడి పాత విగ్రహమూ, టిల్ విచారణను చెప్పే ఫలకమూ రెండూ ఉన్నాయి. మామయ్యగారు బెంచీ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత చుండూరు పేరెత్తారు. 1991 ఆగస్టు 6న మా తెనాలి పక్కనున్న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. 2014లో హైకోర్టు నిందితులనందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. చనిపోయినవారిని సమాధి చేసిన చోటును అక్కడివాళ్లు రక్తక్షేత్రం అంటారు. ఆ రోడ్డు మీద మరమ్మతు పనులకు తాను లెక్కలేనన్నిసార్లు జీపులో తిరిగాననీ, ఊరి పేరు రాసిన బోర్డులు ఎన్నో పాతించాననీ, కానీ రక్తక్షేత్రానికి దారి ఇటు అని చెప్పే బోర్డు ఒకటి ఉండాలన్న ఆలోచన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తనకు తట్టలేదనీ చెప్పారు. అత్తయ్యగారు ఆయన చేతి మీద చేయి వేశారు.

సమ్నర్ నుంచి బర్మింగ్‌హామ్ మీదుగా అట్లాంటాకు ఆరు గంటలకు పైగా పడుతుంది. జార్జియా సరిహద్దులో ఒక గంట పోతుంది కూడా. మధ్యాహ్నం రెండు లోపు బయలుదేరకపోతే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. మాకు అయింది. దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు మామయ్యగారు బండి లోపలి దీపం వేయమన్నారు. ఫలకాల పేర్లతో నిండిన నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసి, తెనాలి నుంచి చుండూరు వెళ్లే రోడ్డు గీసి, ఊళ్లోకి తిరిగే చోట బెర్ము వెడల్పు ఎంత ఉండేదో గుర్తు చేసుకుంటూ అంకెలు వేస్తున్నారు.